ఆరోగ్య విషయములు: పిడుదు కాటును రక్తపరీక్షయు



ఇటీవల మాకు అమెరికా దేశమునుండి యొక జాబు వచ్చినది. వ్రాసిన యామె మా పత్రికను చిరకాలముగా చదువుచున్న సోదరీమణి. కనెక్టికట్ రాష్ట్రమున కాపురమున్న కుమార్తెకు పురిటి సాయముగా వేసవిలో నచ్చటికి పోయియున్నారు. వారి యింటి వెనుక పచ్చిక బయలును, దాని నానుకొని చెట్లతోపును గలవు. ఆరేండ్ల మనుమడు ప్రొద్దుగ్రుంకువఱకు నచ్చటనే యాడుకొనును. ఒకనాడు వానికి నీళ్లు పోయుచుండగా మోకాలి వెనుక రూపాయి బిళ్లకన్న నించుక పెద్దదగు నెఱ్ఱని మచ్చ కనబడినది. నొప్పి లేదు, దురద లేదు. నాలుగు దినములలో నది యరచేతియంత యయ్యెను. నడుమ పాలిపోయి చుట్టును వలయము తేరినది. వైద్యురాలు చూచిన తోడనే "ఇది పిడుదు కాటువలన వచ్చెడి లైము వ్యాధి" యని చెప్పి, రక్తము తీయకయే పదునాలుగు దినములకు అమాక్సిసిలిన్ అను మందు వ్రాసియిచ్చినది.

పిల్లవాని తండ్రికి మనసొప్పలేదు. పరీక్ష లేనిదే పసివానికి మందేమని, వేఱొకచోట రక్తము తీయించెను. మూడవనాటికి ఫలితము వచ్చినది: వ్యాధి లేదు. అప్పటినుండి యింట మాట పట్టింపులు బయలుదేఱినవి. మందు మాన్పింపుమని అల్లుడు, మానరాదని కుమార్తె. "ఇరువురును నా ముఖము చూచుచున్నారు. నేనేమి చెప్పుదును?" అని యా సోదరీమణి మమ్ము అడిగిరి.

పత్రిక వెలువడువఱకు నాగదగిన ప్రశ్న కాదది. కావున వెంటనే యామెకు నాలుగు పంక్తులు వ్రాసితిమి: "మందు మాన్పింపవలదు. మొదట చూచిన వైద్యురాలికే యీ ఫలితమును చూపి యడుగుడు. ఆమె మచ్చను కన్నులార చూచినది. పరీక్ష మచ్చను చూడలేదు." కాని యా నాలుగు పంక్తులు చాలవు. బిడ్డల కాన్పులకై సముద్రములు దాటి పోవుచున్న తల్లులు మనలో నెందఱో కలరు. ఇచ్చట నున్నవారికిని వేఱొక జ్వరము విషయమున నిదే చిక్కు కలుగును. రక్తపరీక్ష దేనిని చూచును, దేనిని చూడజాలదు అను సంగతి తెలిసిననే గాని యీ చిక్కు విడదు. ఈ మాసము దానినే వ్రాయుచున్నాము.

పిడుదు మన యింటి యాడువారికి క్రొత్తది కాదు. ఆవుల చెవులలోను, పొదుగు ప్రక్కను, కుక్కల మెడ క్రిందను కఱచిపట్టుకొని, రక్తము త్రాగి చిక్కుడుగింజవలె నుబ్బునది యిదియే. దీనికి ఎనిమిది కాళ్లు. సాలెపురుగునకు దగ్గఱి చుట్టము. అమెరికా తూర్పుభాగమున లైము వ్యాధిని తెచ్చునది యచ్చటి జింక పిడుదు. దాని పిల్లదశలో నది గసగసాల గింజయంత యుండును. కఱచినను నొప్పి తెలియదు. కనుకనే వ్యాధి పడినవారిలో పెక్కుమంది "మమ్మేదియు కఱవలేదే!" అని యందురు. ఈ పిడుదు మొదట నడవి యెలుకల రక్తము త్రాగి, వానియందున్న సూక్ష్మజీవిని తనలోనికి తీసికొని, పిదప మనుష్యునకు పట్టి దానిని ఎక్కించును. అయితే కఱచినంతనే యెక్కించునది కాదు. సాధారణముగా నొక పగలును రాత్రియు దాటి పట్టుకొనియున్న పిమ్మటనే వ్యాధి సోకును. కావున దినదినము పిల్లల యొడలు చూచి పిడుదును తీసివేయు తల్లి, యేమందును లేకయే పెద్ద యాపదను తప్పించుచున్నది.

ఈ వ్యాధికి పేరు వచ్చిన విధము మనము తెలిసికొనదగినది. కనెక్టికట్ రాష్ట్రమున లైము అను నూరు కలదు. 1975వ సంవత్సరమున నచ్చట పాలీ మఱ్ఱే అను గృహిణి యుండెను. ఏండ్లతరబడి యామె యింటిల్లిపాదికి కీళ్లవాపులు, మచ్చలు, జ్వరములు. వైద్యులకు కారణము తోచలేదు. కొందఱామె మాటను లెక్కపెట్టలేదు. ఆమె మాత్రము ఎవరికి, ఎప్పుడు, ఏమి వచ్చినది కాగితములపై వ్రాసిపెట్టుకొనుచు వచ్చెను. ఇరుగుపొరుగు పిల్లలలోను కీళ్లవాపులుండుట గమనించి, రాష్ట్ర ఆరోగ్యశాఖవారికి తెలిపెను. ఓల్డ్ లైము నుండి జూడిత్ మెన్ష్ అను మఱియొక తల్లియు నట్లే మొఱపెట్టెను. పిల్లలకు కీళ్లవాతము అరుదుగా వచ్చునది. ఒక్క వీధిలో నింతమందికి వచ్చుటకు హేతువుండి తీరవలెనని వారి వాదము.

అప్పుడు యేల్ విశ్వవిద్యాలయమునుండి అలెన్ స్టీర్ అను వైద్యుడు వచ్చి విచారించెను. ప్రక్కప్రక్కనున్న మూడు గ్రామములలో ముప్పదితొమ్మండుగురు పిల్లలును, పన్నెండుగురు పెద్దవారును ఈ విధమగు కీళ్లవాపుతో బాధపడుచున్నట్లు 1977లో ప్రకటించెను. వేసవిలో మొదలగుట, చెట్లనడుమ నిండ్లున్నవారికే వచ్చుట, కొందఱికి ముందుగా మచ్చ కనబడుట చూచి, ఏదో పురుగు తెచ్చుచున్నదని యూహించిరి. ఇట్టి మచ్చను 1909లోనే స్టాక్‌హోము నగరమున ఆఫ్జీలియస్ అను వైద్యుడు పిడుదు కాటుతో ముడిపెట్టి చెప్పియుండెను. తుదకు 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు రాష్ట్రపు పిడుదుల కడుపులలో మెలికలు తిరిగిన సూక్ష్మజీవులను కనుగొనెను. వానికి ఆయన పేరే పెట్టి బొరీలియా బర్గ్‌డార్ఫెరీ అనుచున్నారు. తల్లుల కన్నులు ముందు చూచినవి. సూక్ష్మదర్శిని తరువాత చూచినది.

ఇక రక్తపరీక్ష. రక్తము తీసి పరీక్షించిరనగా నందు సూక్ష్మజీవి యున్నదో లేదో చూచిరని మనమనుకొందుము. లైము వ్యాధిలో నట్లు కాదు. ఈ సూక్ష్మజీవి రక్తమున బహు స్వల్పముగా నుండును. చర్మమునందును, కీళ్లయందును, నరములయందును దాగును. కాబట్టి పరీక్ష దానిని వెదకదు. దానిని ఎదిరించుటకై మన శరీరము తయారుచేసికొను ప్రతిరక్షకములను వెదకును. దొంగను చూచుట కాదు, దొంగ వచ్చినాడని యూరివారు లేచి వేసిన కేకను వినుట. ఊరు మేల్కొనుటకు కొంత కాలము పట్టును గదా! శరీరము ప్రతిరక్షకములను చాలినంతగా తయారుచేయుటకు కొన్ని వారములు పట్టును. మచ్చయో, పిడుదు కఱచిన మూడు మొదలు ముప్పది దినములలోపల, సాధారణముగా నొక వారమునకే కనబడును.

పాలు తోడుపెట్టి, గడియ తాళకయే మూత తీసి చూచి, "ఇందు తోడు వేయలేదు, ఇవి యింకను పాలే" యని కోడలిపై విసుగుకొను అత్తగారిని మనమేమందుము? తోడు వేసిన మాట నిజమే. పేరుకొనుటకు వేళ కాలేదు. ఆ అల్లుడు చేయించిన పరీక్షయు నట్టిదే. మచ్చ మాత్రమే యున్న తొలిదినములలో నీ పరీక్ష రోగులలో సగముమందికి పైగా కనిపెట్టజాలదు. నెల దాటి కీళ్లవాపు వచ్చినవారి విషయమున మాత్రము దాదాపు తప్పక పట్టియిచ్చును. కావుననే పిడుదులున్న ప్రదేశమున నట్టి వలయపు మచ్చను చూచిన వైద్యులు పరీక్షకై యాగక మందిత్తురు. ఇది తొందరపాటు కాదు, నియమము. మచ్చయే వ్యాధికి సాక్షి. అయితే పదిమంది రోగులలో నిద్దఱు ముగ్గురికి మచ్చ రాదు. వచ్చినను జుట్టులోనో, వీపుపైననో యుండి కనబడకపోవచ్చును. అట్టివారికే పరీక్ష యెక్కువ యక్కఱ.

పరీక్ష జరుగు విధమును కొంచెము చెప్పెదము. 1994లో అమెరికాలోని డియర్‌బారన్ నగరమున నిపుణులు కూడి, రెండు మెట్ల పద్ధతిని నిర్ణయించిరి. బియ్యము బాగుచేయునప్పుడు మనము ముందు చేటతో చెఱిగి, తరువాత పళ్లెములో పోసి రాళ్లేఱుదుము గదా, అట్టిది. మొదటి మెట్టు ఎలీసా. చిన్న గుంటలుగల పలకలో సూక్ష్మజీవి యొక్క మాంసకృత్తులు పూసి, పైన రోగి రక్తపు తేటను పోయుదురు. తగిన ప్రతిరక్షకములున్నచో నవి యంటుకొని, పిదప వేయు ద్రవ్యముచే రంగు తేలును. ఇది మెతక చూపుగల పరీక్ష. వ్యాధి లేనివారిని గూడ నప్పుడప్పుడు పట్టుకొనును. సవాయి రోగమున్నవారి రక్తమును, మఱికొన్ని జ్వరములు వచ్చినవారి రక్తమును దీనిని మోసపుచ్చగలవు. కావున నిందు "ఉన్నది" యనియో, అనుమానమనియో వచ్చినవారికే రెండవ మెట్టు. దానిని వెస్టర్న్ బ్లాట్ అందురు. ఇందు సూక్ష్మజీవి మాంసకృత్తులను పరిమాణమునుబట్టి వేఱుపఱచి, యొక పట్టీపై వరుసగా నుంచుదురు. రోగి ప్రతిరక్షకములు వేనికి అంటునో యచ్చట గీతలు తేలును.

ప్రతిరక్షకములలో ముందు పుట్టునవి ఐజిఎం, తరువాత పుట్టి నిలుచునవి ఐజిజి. ఐజిజి విషయమున పది గీతలలో నైదైనను, ఐజిఎం విషయమున మూడింట రెండైనను కనబడవలెను. ఐజిఎం గీతలను వ్యాధి మొదలైన ముప్పది దినములలోపలనే లెక్కకు తీసికొందురు; పిమ్మట నవి యొంటరిగా కనబడినచో నమ్మరు. 2019లో రెండవ మెట్టుగా గీతల పట్టీకి బదులు వేఱొక విధమగు ఎలీసానే వాడు పద్ధతికిని అమెరికా ప్రభుత్వమువారు అనుమతి నిచ్చిరి. ఏ పద్ధతియైనను రెండు మెట్లును దాటినదే "ఉన్నది". ఒక్క మెట్టు చూచి భయపడిన ఇల్లాండ్రు ఇది గుర్తుంచుకొనవలెను.

"లేదు" అను మాట యొకప్పుడు మోసగించినట్లే "ఉన్నది" అను మాటయు మోసగింపగలదు. పిడుదులు లేని చోట నివసించి, మచ్చగాని, కీళ్లవాపుగాని, ముఖపు పక్షవాతముగాని లేక, అలసటగా నున్నదని మాత్రము పరీక్ష చేయించుకొన్నవారికి వచ్చిన "ఉన్నది"లో తప్పుడు పాలెక్కువ. అట్టి కాగితమును పట్టుకొని నెలలతరబడి మందులు మ్రింగి, అసలు రోగమును వెదకుట మఱచిపోవువారు కలరు. వైద్యుడు ముందు "ఎచ్చట నుంటిరి? ఏమి చూచితిరి? ఎన్నడు?" అని యడుగుటకు హేతువిదియే.

మఱల మన సోదరీమణి సంగతి. మేము వ్రాసినట్లే వారు వైద్యురాలినడిగిరి. పిల్లవానికి మందు పూర్తిగా నిప్పించిరి. మచ్చ మాసిపోయినదని రెండవ జాబు వచ్చినది. అందులో మఱియొక ప్రశ్న: "వ్యాధి పోయినదో లేదో తెలియుటకు మరల రక్తము తీయింతమని అల్లుడనుచున్నాడు, తీయింపవచ్చునా?" అక్కఱలేదనియే మా యుత్తరము. ఇంగువ కట్టిన గుడ్డలో నింగువ లేకపోయినను వాసన యుండును. సూక్ష్మజీవి నశించిన పిదపను ప్రతిరక్షకములు నెలలు, ఒక్కొక్కప్పు డేండ్లు రక్తమున నుండవచ్చును. అప్పుడు "ఉన్నది" యని వచ్చిన కాగితమును చూచి యిల్లు తల్లడిల్లును. లేక, మందు తొలిదినములలోనే పడుటచే ప్రతిరక్షకములు చాలినన్ని పుట్టకయే పోవచ్చును. అప్పుడు "లేదు" అని వచ్చి, మొదటినుండియు వ్యాధియే లేదన్న వాదము మరల లేచును. రెండు విధములను లాభము లేదు. పిల్లవాని యాటపాటలే పరీక్ష. కాని యొక హెచ్చరిక: ఒకసారి వచ్చినవారికి మరల రాదను భరోసా లేదు. తోపులో నాడినచో నొడలు చూచుట మానరాదు.

లైము వ్యాధి నిదానముగా నడచునది. పిడుదు తెచ్చు జ్వరములన్నియు నట్లుండవు. రాకీ పర్వతముల మచ్చల జ్వరము అనునది యొకటి అమెరికాలో కలదు. పేరు పర్వతములదైనను అనేక రాష్ట్రములలో నున్నది. 1906లో హోవర్డ్ రికెట్సు అను శాస్త్రజ్ఞుడు ఇది పిడుదువలన వచ్చునని చూపెను. పాపము, నాలుగేండ్లకే మెక్సికో నగరమున టైఫస్ జ్వరమును పరిశోధించుచు నా జ్వరముననే మరణించెను. ఈ మచ్చల జ్వరమున మరణించువారిలో సుమారు సగముమంది యెనిమిది దినములలోపలనే పోవుదురు. రక్తములో ప్రతిరక్షకములు మొదటి వారమున కనబడవు. వ్యాధిని నిశ్చయముగా తేల్చుటకు మొదట నొకసారియు, రెండు మూడు వారములకు మరల నొకసారియు రక్తము తీసి, ప్రతిరక్షకముల కొలత నాలుగు రెట్లు పెరిగినదా యని చూడవలెను. ఆ రెండవ రక్తము తీయునాటికి రోగి బ్రదికియుండవలెను గదా! అందుచేత వైద్యులు అనుమానముమీదనే డాక్సిసైక్లిన్ మొదలుపెట్టుదురు. పసిపిల్లలకు నీ మందిచ్చిన పండ్లు రంగు మాఱునని పూర్వము జంకెడివారు. కొద్దిదినముల వాడుకచే నట్టి హాని కనబడలేదని యిప్పుడు తేలినది. ఈ జ్వరమునకు పిల్లలకైనను మొదటి మందు అదియే.

సూక్ష్మజీవినే రక్తమున నేరుగా పట్టు పరీక్షలును లేకపోలేదు. పిడుదులు తెచ్చు తిరుగుడు జ్వరమున, జ్వరము మండుచున్నప్పుడు తీసిన రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని క్రింద చూచిన మెలికల జీవులు కన్నులకు కనబడును. అనాప్లాస్మా అను వ్యాధిలో సూక్ష్మజీవి తెల్లరక్తకణములలో నుండును గనుక, దాని జన్యుపదార్థమును వెదకు పీసీఆర్ అను పరీక్ష మొదటి వారముననే పనికివచ్చును. చూడుడు: ఒక వ్యాధికి తొలివారమే మంచి వేళ, వేఱొక వ్యాధికి తొలివారము చెడ్డ వేళ. కావున "రక్తపరీక్ష చేయించితిమి" అన్నమాట చాలదు. ఏ వ్యాధికి, ఏ పరీక్ష, జ్వరము వచ్చిన ఎన్నవనాడు అను మూడును తెలియవలెను.

మన దేశము మాట యేమందురా? లైము వ్యాధిని తెచ్చు నా జింక పిడుదు అమెరికా తూర్పుభాగముది. మన యావుల పిడుదులను చూచి లైము వ్యాధియని బెదరనక్కఱలేదు. కాని మనకును పిడుదుల టైఫస్ కలదు. కుక్కల పిడుదు దానిని తేగలదు. తెలుగు జిల్లాలలో వినబడు స్క్రబ్ టైఫస్ జ్వరము పిడుదువలన గాక, దానికి దాయాదియగు నొక నల్లివంటి సూక్ష్మకీటకపు పిల్లవలన వచ్చును. అది కుట్టినచోట నొక్కొక్కప్పుడు సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు కట్టిన పుండుండును; చంకలోను, గజ్జలలోను, రొమ్ము క్రిందను దాగుటచే ఆడువారు సిగ్గుపడి చెప్పరు, వైద్యుడు చూడడు. ఈ జ్వరములకు 1916నుండి వాడుకలోనున్న వైల్-ఫెలిక్సు పరీక్ష చవుకయేగాని యంత నమ్మదగినది కాదు. అసలు సూక్ష్మజీవిని విడిచి వేఱొక సూక్ష్మజీవితో రక్తము గడ్డలు కట్టుటనుబట్టి యూహించునది. ఇప్పుడు ఐజిఎం ఎలీసా వచ్చినది. అదియు మొదటి వారము గడచిన పిదపనే బాగుగా పలుకును. ఇచ్చటను మందు డాక్సిసైక్లినే; ఇచ్చటను కాగితమునకై యాగుట ప్రమాదమే. ఆ నల్లని పెచ్చును వైద్యునకు చూపిన యాడుది తన ప్రాణమును తానే కాపాడుకొన్నది.

ఇల్లాండ్రు చేయవలసినవి చెప్పి ముగింతుము. పిల్లలు తోటలనుండి వచ్చిన పిమ్మట జుట్టులోను, చెవుల వెనుకను, చంకలలోను, నడుము చుట్టును, మోకాళ్ల వెనుకను చేతితో తడిమి చూడవలెను. పిడుదు కనబడినచో సన్నని పట్టుకారుతో చర్మమున కానుకొని పట్టి, మెలిపెట్టక, తిన్నగా పైకి లాగవలెను. కిరసనాయిలు పోయుట, నూనె పూయుట, అగ్గిపుల్ల కాల్చుట పనికిరావు; అవి పిడుదు విడుచువఱకు కాలహరణము. తీసిన చోట సబ్బుతో కడుగవలెను. పిడుదును సీసాలో పెట్టి పరీక్షకు పంపుటవలన ప్రయోజనము తక్కువ. దానియందు సూక్ష్మజీవి యున్నను బిడ్డకు సోకియుండకపోవచ్చును. తీసిన తేదీని మాత్రము వ్రాసికొనవలెను. జింక పిడుదు చాలసేపు పట్టియున్నదని తోచినచో, తీసిన మూడు దినములలోపల వైద్యుని చూచినయెడల నొక్క మోతాదు మందుతోనే వ్యాధిని రాకుండ చేయుట కొన్ని సందర్భములలో సాధ్యము.

ఒక నెల దినములు వ్రాతపుస్తకమున నీ యైదు వ్రాయుడు: ఎచ్చట తిరిగినది, పిడుదు కనబడిన దినము, జ్వరము మొదలైన దినము, మచ్చ పుట్టిన చోటు, దాని కొలత. మచ్చను దినమునకొకసారి ఫోనులో ఛాయాచిత్రము తీయుడు. వైద్యుని యెదుట నీ పుస్తకము పెట్టి యడుగవలసినవి రెండే ప్రశ్నలు: "ఈ పరీక్షకు వేళ యైనదా?" "ఫలితము వచ్చువఱకు మందు ఆపవచ్చునా?"

పాలీ మఱ్ఱేకు వైద్యవిద్య లేదు. ఆమె చేతనుండినవి కాగితమును కలమును మాత్రమే. మన యిండ్లలో పాలలెక్క, చాకలిపద్దు వ్రాయు చేతులకు ఇది కష్టమగు పని కాదు.